అరగంట దాటితే

"నువ్వు మాత్రం రాయొద్దు. నువ్వు తప్ప ఎవరన్న రాయనీ."

బస్సు రేగొండ దాటిన దగ్గరి నుంచీ డేవిడ్‌ది ఇదే పాట. పక్కన కూర్చున్న అక్క రూతు ఓపికకు దండం పెట్టాలి.

డేవిడ్‌కు పుట్టుకతోనే చూపు లేదు. ఓపెన్ ఇంటర్ చదువుతున్నాడు. కాలేజీకి పోనక్కర్లేదు, వీలున్నప్పుడు ఒక్కో సబ్జెక్టూ రాసుకోవచ్చు. పాసైనవి అలాగే నిలిచి ఉంటాయి. కానీ అయిదేళ్ల వరకే. ఆలోగా అన్నీ గట్టెక్కకపోతే పాసైనవి కూడా పోతాయి, కథ మళ్లీ మొదటికొస్తుంది. డేవిడ్ నాలుగు గట్టెక్కాడు. చరిత్ర ఒక్కటే మిగిలింది. గడువు లోపల ఇదే ఆఖరి పరీక్ష.

ఇన్నాళ్లూ అతను చెబుతుంటే రాసిపెట్టింది పక్కింటి మనీషా. పదో తరగతి పిల్ల. ఇవాళ తెల్లారి చూస్తే ఒళ్లు కాలిపోయే జ్వరం, దవాఖానలో చేర్చారు. అప్పటికప్పుడు ఇంకెవరు దొరుకుతారు? పత్తి ఏరే రోజులాయె, ఊరంతా చేన్లలోనే ఉంది.

"నేనే రాస్త తియ్యి" అంది రూతు.

అంతే, అప్పుడు మొదలుపెట్టాడు.

"నీ అక్షరాలు కోడి గెలికినట్టుంటయి. నన్ను ఫెయిల్ చేస్తవా ఏంది?"

"కోడి గెలికినా నువ్వు చెప్పిందే గెలుకుతది. జర నోరు మూసుకొని కూసో" అని నవ్వింది రూతు. బస్సు చెల్పూర్ దాటింది. ఒళ్లోని సంచిని ఆమె రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

పొద్దంతా చేన్లో వంగి పత్తి ఏరి, పొద్దుగూకాక తమ్ముడికి పాఠం చదివి వినిపించేది రూతే. గొంతు బొంగురుపోయినా ఆపేది కాదు. అలాంటి అక్కనా ఇన్ని మాటలనేది? చూపు లేకపోతే లేకపోయె, కాస్త విశ్వాసమన్నా ఉండొద్దూ!

భూపాలపల్లిలో బస్సు దిగగానే డేవిడ్ రోడ్డు పక్కనే మొండికేశాడు.

"నేను పరీక్షనే రాయ. నువ్వు పో. నన్నిక్కడ ఇడిసిపెట్టి పో."

రూతు నవ్వు ఆగిపోయింది. అతని చెయ్యి పట్టుకుని తన నెత్తి మీద పెట్టుకుంది.

"లోపల సార్లకు, మేడములకు లేనిపోని ముచ్చట్లు చెప్పినవో, నా మీద ఒట్టే. అక్కను సంపుకున్నట్టే."

డేవిడ్ నిప్పు తాకినట్టు చెయ్యి లాక్కున్నాడు. కానీ ఒట్టు అప్పటికే పడిపోయింది.

పరీక్ష గదిలో వాళ్లకు మూలన వేరే బల్ల వేశారు. ఇన్విజిలేటర్ విజయలక్ష్మి దగ్గరికి వచ్చింది.

"నువ్వేం చదివినవమ్మా?"

"పది పాసైన మేడం."

"ఇంటర్ పాస్ కాలేదు గదా? అయితే రాయొచ్చు. కానీ అతను చెప్పిందే రాయాలె. నీ సొంతం ఒక్క ముక్క కలపొద్దు."

రూతు తల ఊపి మొదటి ప్రశ్న చదివింది. "కాకతీయుల రాజధాని ఏది?"

"తెల్వది."

విజయలక్ష్మి వెనక్కి తిరిగి చూసింది. ఓరుగల్లు చుట్టుపక్కల పుట్టి ఈ మాట తెలియనివాడు ఉంటాడా!

"గణపతిదేవుని పాలన గురించి రాయుమన్నరు."

"తెల్వది. ఈమె గొంతు ఇంటే నాకేం యాదికొస్తలేదు. మేడం, ఈమెను బయటికి పంపుండ్రి. నాకు ఈమె వద్దు."

"పంపితే ఎవరు రాస్తరయ్యా నీకు? పాపం, నీ కోసమని వస్తే గిట్లనా మాట్లాడేది?"

"ఎవరు రాయకున్నా మంచిదే. ఈమె మాత్రం పోవాలె."

గదిలో అందరూ తలలెత్తి చూశారు. రూతు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. జవాబు పత్రం మీద పడకుండా చున్నీతో ఒత్తుకుంది. లేవలేదు.

డేవిడ్ తడుముకుని ఆమె మోచేతిని నెట్టాడు. ఈసారి మాటలో పొగరు లేదు.

"పో అక్కా. నీ కాల్మొక్త, పో."

"పోను."

వరండాలో గంట మోగింది. అరగంట అయిపోయింది. ఆలస్యంగా వచ్చినవాళ్లను ఇక ఏ గదిలోకీ రానివ్వరు.

ఆ గంట విని డేవిడ్ బల్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. విజయలక్ష్మి కంగారుపడి మంచినీళ్లు తెచ్చింది. రూతు తమ్ముడి వీపు నిమిరింది.

"అయిపోయింది బిడ్డా. ఇగ చెప్పు."

అతను ముఖం తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టాడు. ఓరుగల్లు, గణపతిదేవుడు, రుద్రమ, తవ్వించిన చెరువులు, అన్నీ ఒక్క మాట తడబడకుండా చెప్పాడు. రూతు పెన్ను ఆగకుండా సాగింది.

"అన్నీ ఒస్తయి. మరి ఇంతసేపు ఆ ఏషాలేందో!" అని విజయలక్ష్మి గొణుక్కుంది.

సరిగ్గా అప్పుడే పక్క గదిలో, తమ్ముడితో పాటే ఓపెన్ ఇంటర్‌లో చేరి, తమ్ముడితో పాటే నాలుగూ పాసైన రూతు హాల్‌టికెట్ నంబరు వేసి ఉన్న ఖాళీ బల్ల మీది నుంచి, అదే చరిత్ర ప్రశ్నపత్రాన్ని వెనక్కి తీసేసుకున్నారు.