నాలుగు వేళ్ళ సందు

కొవ్వొత్తి మంట వణికింది.

ఇంటావిడ రుజిత్సకి ఒళ్ళు మండిపోయింది.

"ఏమయ్యా లాయోష్ మేస్త్రీ! ఇలా రా. ఏంటిది?"

లాయోష్ పది రోజులుగా ఆ గది కిటికీలు బాగుచేస్తున్నాడు. తాతల నాటి జంట కిటికీలు. బయటొక జత రెక్కలు, లోపలొక జత. ఎండిపోయిన లప్పం గీకి కొత్తది పెట్టాడు, పుచ్చిన చెక్క మార్చాడు, అంచుల వెంట రబ్బరు పట్టీ వేశాడు. గాలి దూరుతోందేమోనని రుజిత్స కొవ్వొత్తి పట్టుకుని అంగుళం అంగుళం చూసింది. ఎక్కడా మంట కదల్లేదు. చివరి కిటికీ పైఅంచున మాత్రం నాలుగు వేళ్ళ మేర పట్టీయే లేదు.

"అది అలా ఉండనీ అమ్మా."

"ఎందుకు? పట్టీ చాల్లేదా, చేతులు నొప్పెట్టాయా?"

"బొగ్గుల పొయ్యి ఉన్న గది. కాస్త గాలి ఆడాలి."

"గాలా! నా మనవడు నెల తక్కువ పుట్టాడయ్యా. గురువారం ఆసుపత్రి నుంచి తెస్తున్నాం. ఆ గాలి తగిలి వాడికేమన్నా అయితే ఎవడిది పూచీ?"

ఆ సోంబోర్ ఊళ్ళో సందుగాలి అంటే దయ్యం కంటే భయం. మెడ పట్టేసినా, పన్ను సలిపినా, కుదిరిన సంబంధం తప్పిపోయినా నేరం దానిదే.

"పట్టీ వెయ్యి."

"వెయ్యనమ్మా."

అంతే, రుజిత్స ఒంటికాలి మీద లేచింది. సోమరిపోతన్నది, దొంగపని మేస్త్రీ అన్నది. ముందు పెట్టిన కాఫీ కూడా వెనక్కి తీసేసుకుంది. అక్కడితో ఆగిందా? మెట్ల మీద నిలబడి మేడంతా వినేలా కడిగిపారేసింది. పై వాటాల వాళ్ళు ముగ్గురూ "మాకూ వద్దులే మేస్త్రీ" అనేశారు.

లాయోష్ ఉలులు సంచిలో సర్దుకున్నాడు.

"నన్నెన్నైనా అనండి. పొయ్యి వెలిగిస్తే మాత్రం ఆ సందు మూయకండి."

"పోవయ్యా పో! పెద్ద చెప్పొచ్చాడు."

గురువారం పొద్దున్నే ఆ సందులో దూది కూరి, పైన టేపు అంటించి, పొయ్యి నిండా బొగ్గు వేసింది రుజిత్స. గది వెచ్చగా అయింది. కోడలూ బాబూ వచ్చి పడుకున్నారు.

మర్నాడు పక్కింటి యెలిత్స వచ్చింది.

"మేస్త్రీ ఏడక్కా? మా కిటికీలు కూడా చేయిద్దామని."

"తరిమేశాను. వాడు వదిలిన సందు మూసినా గాలి జొరబడుతోంది కాబోలు, పొద్దుట్నుంచీ తల పగిలిపోతోంది. కోడలికైతే ఒకటే వాంతులు."

యెలిత్స పొయ్యి చూసింది. కిటికీ పైన టేపు చూసింది. ఒక్క ఉరుకున కుర్చీ ఎక్కి టేపు పీకేసి, రెక్కలన్నీ బార్లా తెరిచింది.

"నీకేమన్నా పిచ్చా? లోపల పసిగుడ్డు!"

"పిచ్చి నాకా? మీ తలనొప్పీ వాంతులూ బొగ్గు విషవాయువువే, దానికి వాసన కూడా ఉండదు! పిల్లాణ్ణి ఎత్తుకుని బయటికి పద. నువ్వూ లేమ్మా!"

వరండాలో చలి తగిలాక గానీ బాబు కెవ్వుమనలేదు. రుజిత్స వాణ్ణి తన శాలువాలో చుట్టుకుంది.

"ఆయన ఎక్కడున్నాడిప్పుడు?"

"నిన్న బస్సెక్కి వెళ్ళిపోయాడట. ఈ ఊళ్ళో ఇంక ఉలి పట్టనన్నాడట," అన్నాడు కేకలు విని మెట్లు దిగొచ్చిన పై వాటా ఆయన.

యెలిత్స కోపంగా రుజిత్స వైపు తిరిగింది.

"మా అమ్మ వాళ్ళ ఊరివాడక్కా ఆయన. పాతికేళ్ళ కిందట తన ఇంటి కిటికీలు చీమ దూరే సందైనా లేకుండా తన చేత్తోనే బిగించి, పొయ్యి వెలిగించి పనికి వెళ్ళాడు. తిరిగొచ్చి తలుపు తీసేసరికి, పడుకున్న పెళ్ళామూ ఇద్దరు ఆడపిల్లలూ పడుకున్నట్టే పోయి ఉన్నారు."