మాటల్లేని మిద్దె

“ముందు ఆ గీత తీసేయ్ పాపా!”

బయ్యన్న చేతికర్ర కంప్యూటరు తెరకు తగలబోయింది. వనజాక్షి గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

“యా గీతన్నా?”

“అదో, ఆ పచ్చ గీత. నా మిద్దె నుంచి రామాంజులు గాని తోటకు పోతాండాదే, అది. మూడేండ్లాయ వానికీ నాకూ మాటల్లేక. వాని డబ్బా నా డబ్బాతో మాట్లాడతాందంట! ఊరంతా పండ్లికిలిస్తాండారు. నా మర్యాద ఏం గావల్ల?”

వనజాక్షికి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. నవ్వును మింగేసింది. బోర్ల దగ్గరా మిద్దెల మీదా వనజాక్షికి ఈ పనిచ్చిన నీళ్ళ సంస్థ వాళ్ళు పెట్టిన రేడియో డబ్బాలే ఆ తెర మీది చుక్కలు. ఏ డబ్బా ఏ డబ్బాకు కబురు అందిస్తోందో చూపించేవి గీతలు. బోరులో నీళ్ళెంత మిగిలాయో చెప్పడం వాటి పని. ఆపదొస్తే డబ్బాకున్న ఎర్ర బొత్తాం నొక్కాలి. ఈ గదిలో గంట మోగుతుంది, వనజాక్షి ఫోను చేస్తుంది, ముదిగుబ్బ ఆసుపత్రి నుంచి జీపు వస్తుంది. ఈ సంగతి బయ్యన్నకు ఎన్నిసార్లు చెప్పలేదు! తలకెక్కితేనా? నీళ్ళు లేకుండా ఈ నేలలో పండేది పౌరుషం ఒక్కటే, అది ఆయనింట్లో గాదెల నిండా ఉంది.

“అన్నా, అది మాట్లాడేది గాదు. తోట గుట్టెనకాల ఉండాది. ఆడికి సెల్లు సిగ్నలు రాదు. ఊళ్ళో ఎత్తు మిద్దె నీదే గాబట్టి, ఆడి కబురు నీ మిద్దె మింద నుంచే ఈడికి రావల్ల. ఆ గీత తీస్తే ఆడ మనిషి సచ్చినా మనకు తెలీదు.”

“సావనీ.”

“ఆడ నా మొగుడుండాడన్నా!”

ఆ మాట అరిచినట్టే వచ్చింది. తిప్పయ్య రామాంజులు దగ్గర మోటారు చూసుకుంటాడు. ఎండిపోతున్న చీనీ చెట్లను ఎట్లాగైనా బతికించాలని యజమానీ అతనూ పగలంతా ఆ పాదుల్లోనే పడి ఉంటున్నారు. మొన్ననే ఒక పాదులో రక్తపింజరి కనబడింది. అప్పటినుంచీ వనజాక్షికి కంటి మీద కునుకు లేదు. పాము ముట్టిందంటే ఆ బొత్తామే దిక్కు.

బయ్యన్న గొంతు తగ్గించాడు. “తిప్పయ్య మింద నాకేం కోపం పాపా? ఒక్క పూట తీసి పెట్టు. బయ్యన్న మాట చెల్లిందని ఊరికి తెలిస్తే సాలు. మళ్ళా పెట్టుకుందువులే.”

“పోనీ నీ డబ్బానే ఆపుకోన్నా. తీగ పీకితే ఆరిపోతాది.”

“నా మిద్దె మింద దాన్ని నేనెందుకు ముట్టుకోవల్ల? నా బోరు నీళ్ళు నాకు తెలియొద్దా? నువ్వు తీస్తావా, ఊళ్ళో డబ్బాలన్నీ పీకించి వంకలో ఏపించేదా?”

అన్నంత పనీ చేసే మనిషి. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. ఈయన గడప దాటగానే మళ్ళీ కలిపేసుకోవచ్చులే అనుకుని వనజాక్షి మౌసు పట్టుకుంది. తీసేయాలా అని కంప్యూటరు అడిగింది. అవునంది. గీత పోయింది. తోట చుక్క బూడిద రంగుకు తిరిగింది.

“పాయనా?”

“పాయ.”

బయ్యన్న వెళ్ళలేదు. కుర్చీ లాక్కుని తెరకు ఎదురుగా కూర్చున్నాడు. టీ తెప్పించుకున్నాడు. ఈ ఏడు కూడా శెనక్కాయకు ఊడలు దిగలేదని వానదేవుణ్ణి తిట్టాడు. మధ్యలో కర్రతో చూపించి, “ఆ బూడిద సుక్క అంటే ఏమి?” అని అడిగాడు.

“తోట నుంచి కబురు అందలేదని.”

“ఓహో.”

“అన్నం యాళ దాటిపాయ గదన్నా. ఇంటికాడ వదిన ఎదురు సూస్తాంటాది.”

“సూడనీలే.”

ఇంత వయసొచ్చీ ఒక గీతకు కాపలా కూర్చున్నాడే ఈ మనిషి అని వనజాక్షికి ఒళ్ళు మండిపోయింది. తిప్పయ్యకు ఏమీ కాకూడదని సుంకులమ్మకు మొక్కుకుంది. ఈ గండం గడిస్తే కోడిని కోస్తానంది.

వాకిట్లో మోటారుసైకిలు ఆగింది. బయ్యన్న మనిషి ముత్యాలప్ప బండి దిగకుండానే కేకేశాడు.

“అన్నా, రామాంజులన్నతో యవ్వారం తెగిపాయ.”

బయ్యన్న కర్ర తీసుకుని లేచాడు. ముఖంలో కోపం మచ్చుకైనా లేదు. “ఇంగ ఆ గీత కలుపుకో పాపా. వానికీ నాకూ ఇంగ పగ లేదు.”

వనజాక్షికి ప్రాణం లేచి వచ్చింది. పంచాయితీ తెగిందన్నమాట! పెద్దమనుషులెవరో ఇద్దరికీ రాజీ కుదిర్చి ఉంటారు. ఎంత మంచి కబురు! ఊరికి పట్టిన శని వదిలింది.

“నీ కడుపు సల్లగుండన్నా!” అంటూ, ఆయన మెట్లు దిగేలోగానే గీత కలిపింది.

పచ్చ గీత పాకుతూ పోయి తోటను అందుకుంది. మరుక్షణం గంట మోగింది. మోగి ఆగలేదు. ఇంతసేపూ దారి దొరక్క తోట డబ్బాలోనే నిలిచిపోయిన పిలుపులన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతుంటే చుక్క ఎర్రగా వెలిగింది. ఎవరో బొత్తాన్ని పదే పదే నొక్కారు.

“అన్నా! తోటలో ఏదో అయినట్టుండాది!” అంటూ వాకిట్లోకి పరుగెత్తింది.

ముత్యాలప్ప వెనక బండెక్కుతూ బయ్యన్న నిదానంగా తల తిప్పాడు.

“పోలీసోళ్ళు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు పాపా, గీత తీసింది నువ్వేనని.”