జపాన్‌లో ఎవరో

ఆన్‌లైన్ మ్యూజిక్ స్టోర్ జపాన్‌లో తెరిచిన వారానికే విద్య పాడిన ఆల్బమ్‌లోని ఎనిమిది పాటలూ అక్కడెవరో కొన్నారు. కాలిఫోర్నియాలోని సన్నీవేల్ అపార్ట్‌మెంట్‌లో ఆమె భర్త ఉదయ్ స్టోర్ పంపిన అమ్మకాల రిపోర్ట్‌ని లాప్‌టాప్‌లో మళ్లీ మళ్లీ చూశాడు.

“మీ కాలేజీ శ్రీకర్ టోక్యోలోనే కదా?”

“అవును.”

“వాడే కొనుంటాడు. నీ పాటంటే పడి చచ్చేవాడుగా!”

“ఏమో. స్టోర్ వాళ్లు పేర్లు చెప్పరు.”

“ఎనిమిదీ ఎందుకు? ఒక్కటి చాలదా?”

విద్య లాప్‌టాప్ మూసింది. “వాటిలో నీకేది నచ్చింది, ఉదయ్?”

ఉదయ్‌కి ఒక్క పాట పేరూ గుర్తుకు రాలేదు. ఆల్బమ్ వచ్చి ఏడాదైనా తను ఒక్కటీ వినలేదు.

కాసేపటికి ఇయర్‌ఫోన్స్ తెచ్చుకున్నాడు.

“మొదటిది పెట్టవా?” అన్నాడు, ఆమె ముఖంలోకి చూడలేక.