ఉప్పు తిన్న ఇనుము

“అగో, ఆ తాడుకు వేలాడుతున్నదే మీ బిడ్డ జంపక్క” అన్నాడు మొహసిన్.

చిన్నక్క తల పైకెత్తింది. విశాఖ రేవులో, నీళ్లు తోడేసిన పెద్ద గుంటలో నిలబెట్టిన ఓడ అది. భద్రాచలం అడవిలో పుట్టి పెరిగిన ఆమె, మనిషి చేసిన వస్తువు ఇంత పెద్దది ఎన్నడూ చూడలేదు. దాని ఒంటి మీద కూతురు చీమంత ఉంది.

“రంగు మంచిగనే ఉన్నది గద సారూ. ఇంకేం చూస్తున్నది?”

మొహసిన్ అక్కడ సూపర్‌వైజరు. సొంతూరు ఖమ్మం. తమ వైపు మనిషి చెప్పాపెట్టకుండా వచ్చి గేటు దగ్గర నిలబడితే తానే లోపలికి తీసుకొచ్చాడు. ఓడ నుంచి కోసిన రేకు ముక్క ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. నీలం రంగు నిగనిగలాడుతోంది.

“గోటితోని గీకమ్మా.”

గీకింది. రంగు పొరలా లేచి వచ్చింది. కింద ఇనుము లేదు. ఎర్రటి పొడి వేళ్ల సందుల్లోంచి రాలిపోయింది.

“సముద్రం గిట్లనే తింటది. రంగు మీద చిన్న గీత పడ్డా సాలు, ఉప్పునీళ్లు లోపలికి దూరుతయి. పైకేం తెల్వదు.”

“మరెట్ల తెలుస్తది?”

“నీ బిడ్డ సుత్తితోని తట్టి చప్పుడు వింటది.”

ఠంగ్... ఠంగ్... పైనుంచి వినిపిస్తూనే ఉంది. ఉన్నట్టుండి ఒక దెబ్బ డొల్లగా పలికింది. జంపక్క చెయ్యెత్తింది. కింద మోగుతున్న యంత్రాలన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆమె మళ్లీ తట్టి, చెవి ఆనించి విని, సుద్దతో గుండ్రంగా గీసింది.

“ఈ రేకు మార్చాలె!”

ఇంట్లో నోరు విప్పని పిల్ల మాటకు అంత ఓడా చెవి ఒగ్గింది.

“ఆమె పట్టుకోకుంటే?”

“నడిసముద్రంల చిల్లు పడ్తది. లోపలున్నోళ్లు...”

“నా బిడ్డ మానేస్తే, ఈ పని ఇంకొకరు చెయ్యరా సారూ?”

“చేస్తరు. కానీ నా పిల్లల్ని ఎక్కియ్యాల్నంటే మాత్రం, నీ బిడ్డ తట్టిన ఓడే ఎక్కిస్త.”

చిన్నక్క మళ్లీ పైకి చూసింది.

“పిలువనా?”

“వద్దు సారూ. నన్ను జూస్తే చెయ్యి వణుకుతది.”

“మరింత దూరం ఎందుకొచ్చినవమ్మా?”

“సముద్రం జూద్దామని.”

ఆ సాయంత్రమే ఆమె భద్రాచలం బస్సెక్కింది.

తెల్లారి ఊరు చేరగానే, జంపక్క పెళ్లికి వేసిన పందిరి విప్పించింది.