హాజరు పట్టీలో లేని పేరు

తొమ్మిదికి గంట మోగింది. శకుంతలమ్మ టీచర్ హాజరు పట్టీ తెరిచారు.

"మునికుమార్."

"ఉన్నాను టీచర్!" బొంగురు గొంతు.

"కృపామణి."

"ఉన్నాను టీచర్." పిల్లికూతలా సన్నగా.

రఘునాథ్ చాప మీద కాళ్లు మడుచుకుని కూర్చున్నాడు. ఇరవై రెండు పేర్లూ అతనికి కంఠతా వచ్చు. ఆఖరిది గీతాంజలి. ఆ పేరు పిలిచాక టీచర్ ఒక్క క్షణం ఆగి, కళ్లజోడు సర్దుకుంటారు. ఆ ఒక్క క్షణం అతను చెవులు రిక్కిస్తాడు. ఇవాళైనా ఆమె నోట తన పేరు వస్తుందేమో.

పట్టీ మూసేశారు.

పదమూడో ఎక్కం అయింది. చూచిరాత మొదలైంది. ఈ క్లాసుకు ఆదివారం కూడా సెలవు లేదు. టీచర్ వరసల వెంట నడిచి వచ్చి అతని పలక దగ్గర ఆగారు.

"బడి అని రాయమంటే బడ అని రాసినావే! డ మీద గుడి యాడబ్బా? తిరప్తికి పోయిందా?"

కోమలి కిసుక్కున నవ్వింది.

టీచర్ వంగి, అతని చేయి పట్టుకుని దిద్దించారు. చాక్‌పీసు పొడి అంటిన వెచ్చటి చేయి. ఆ చేతి కోసమే రఘునాథ్ రోజుకొక తప్పు రాస్తాడు.

"నువ్వు కొత్తోడివా? పట్టీలో నీ పేరు లేదే."

రోజూ ఇదే మాట.

"రాసుకోండి టీచర్. రఘునాథ్."

"నా అంతట నేను రాస్తే ఊరుకుంటారా? మీ అమ్మ వచ్చి సంతకం పెట్టల్ల."

వెనక నుంచి కోమలి గుసగుసలాడింది. "ఊరికి పోయిందని చెప్పు."

"నిన్న అదే చెప్పినా."

"అయితే జరమని చెప్పు."

"మొన్న చెప్పినా."

అబద్ధాలన్నీ అయిపోయాయి.

"ఏందా గుసగుసలు? మీ అమ్మ యాడుండాది?"

రఘునాథ్ తలెత్తి ఆమె కళ్లలోకి చూశాడు.

"ఈడే ఉండాది టీచర్."

"ఈడే ఉంటే రావడానికేం రోగం? కన్నబిడ్డ చదువు పట్టదా ఆయమ్మకి?"

అతను తల దించి పలక తుడిచాడు. కళ్లలో నీళ్లొచ్చాయి.

టీచర్ గొంతు మెత్తబడింది. "ఏడవొద్దబ్బా. రేపు పిలుచుకొని రా. ఆయమ్మతో నేను మాట్లాడతా."

"సరే టీచర్."

పదిన్నర కాగానే, తన కూతురు కోమలి వంటింట్లోంచి తెచ్చిన నీళ్లగ్లాసు టీచర్‌కు అందిస్తూ, "మాత్ర ఏసుకోమ్మా" అన్నాడు, ఇరవై రెండుమందికీ తానొక్కడే హాజరు పలికిన ఆమె యాభై రెండేళ్ల కొడుకు.