కిటికీ పక్క సీటు

బస్సు తలుపు ఆ రోజు కూడా రంగమణికి తెరుచుకోలేదు. పెద్దపేగులో పుండ్లున్నవాళ్ళ పొట్ట మీద అంటించే బిళ్ళ ఆమెకీ ఉంది; ఎప్పుడు దొడ్డికి పరుగెత్తాల్సొస్తుందో అది ముందే పసిగట్టి బస్సులకు చెప్పేస్తుంది.

"దారిలో మీకు ఇబ్బందవుతుంది. తర్వాతి బస్సుకు రండమ్మా," అంది తలుపు, మర్యాదగానే. తర్వాతి బస్సూ అదే అంటుంది.

యానాంలో చెల్లెలి కూతురికి అప్పుడే నడక వచ్చేసింది. రంగమణి ఆ పిల్లను ఒక్కసారీ ఎత్తుకోలేదు. కొబ్బరితోటల మధ్య బస్సు పరుగెడుతుంటే ముఖానికి కొట్టే గాలి ఎలా ఉండేదో కూడా మరిచిపోతోంది.

"డాక్టరుగారు చెప్పినట్టు ఆపరేషన్ చేసి పేగు తీసేస్తే బతికినన్నాళ్ళూ పొట్టకి సంచి తగిలించుకు తిరగాలంట! మందులతో ఇంకొన్నాళ్ళు చూద్దారి," అన్నాడు మొగుడు వీర్రాజు.

రంగమణి బస్సు పక్కగా నడిచి, తన భుజం మీది తువ్వాలు తీసి తెరిచి ఉన్న కిటికీలోంచి ఖాళీ సీటు మీదికి విసిరింది. వాళ్ళమ్మ ప్రతి ప్రయాణానికీ అలాగే సీటు ఆపేది. బస్సు తువ్వాలుతో సహా కదిలిపోయింది.

"అయ్యో, తువ్వాలు పోయింది కదే!"

"పోనీండి. సీటు ఆపుకున్నాను," అంది రంగమణి, మలుపు తిరుగుతున్న బస్సునే చూస్తూ. "డాక్టరుగారికి సరేనని చెప్పేయండి."