స్టాండు మీద ప్రయాణం

మర్రిగూడలో యాభై ఎనిమిదేళ్ల జంగయ్య జీవితంలో మొదటిసారి ఒక చిన్న మోటారు బండి కొన్నాడు. లెర్నింగ్ లైసెన్సు వచ్చింది గాని ధైర్యం రాలేదు. అందుకని నెల రోజులుగా దాన్ని వాకిట్లో డబుల్ స్టాండు మీదే నడుపుతున్నాడు.

మెకానిక్‌తో సీటు వెడల్పు చేయించాడు. వెనక ఆనుకోవడానికి కుర్చీ వీపు బిగించాడు, కాళ్లు పెట్టుకోవడానికి వెడల్పాటి రేకు వేయించాడు. రోజూ సాయంత్రం భార్య ఈరమ్మను దాని మీద కూర్చోబెట్టి ఇంజను స్టార్టు చేసేవాడు. వెనక చక్రం గాల్లో గిరగిరా తిరిగేది.

“యాడిదాక వచ్చినం?” అని ఆమె అడిగేది.

“మాల్ ఊరు దాటినం. గట్టిగ పట్టుకో.”

“జర మెల్లగ పోనియ్యి. చాయ్ హోటల్ కాడ ఆపు.”

అతను ఆపి, దిగి, వంటింట్లోంచి చాయ్ తెచ్చేవాడు. గోడ మీంచి చూసి ఇరుగుపొరుగు నవ్వేవాళ్లు.

ఒకరోజు అతను “యాదగిరిగుట్ట వచ్చింది, దండం పెట్టు” అనేసరికి ఈరమ్మకు కోపం వచ్చింది.

“దేవుని తాన గూడ అబద్ధమేనా? స్టాండు తియ్యి!”

తీశాడు. బండి వీధి దాటింది, ఊరు దాటింది, మలుపు తిరగలేక పత్తిచేలోకి పోయి మొక్కల మధ్య ఇరుక్కుని ఆగింది.

“దెబ్బ గిట్ల తాకిందా?” జంగయ్య గబగబా దిగి అడిగాడు.

ఈరమ్మ పత్తికాయను చేతిలోకి తీసుకుని చూస్తోంది.

“గిది మన చేనే కదయ్యా!”

బోరు నీళ్ల ఫ్లోరైడుకు మోకాళ్లు బిగుసుకుపోయాక, ఆరేళ్లలో ఆమె వాకిలి దాటడం అదే మొదటిసారి.

“జరసేపు గీడనే ఉందాం,” అంది.